సియాటిల్‌లో 36 డిగ్రీల ఎండ, ఏసీ లేని ఇల్లు, పద్దెనిమిది రోజుల పసిబిడ్డ: ఇక్కడి నుంచి మేము ఏం చెప్పాలి?

ప్రశ్న: పటమట వాసి, విజయవాడ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు సియాటిల్‌లో ఉంటున్నారు. అమ్మాయికి కాన్పు అయి ఈ రోజుకు పద్దెనిమిది రోజులు. పురుడు పోయడానికని నా భార్య రెండు నెలల ముందే అక్కడికి వెళ్లింది. మా అమ్మగారిని చూసుకోవలసి ఉండడం వల్ల నేను ఇక్కడే ఉండిపోయాను. అక్కడ చలి అని విని పెట్టె నిండా స్వెట్టర్లు, శాలువాలు, ఊలు టోపీలు సర్ది పంపాము.

నాలుగు రోజులుగా అక్కడ ఎండలు ముదిరాయి. పగలు 34, 35 డిగ్రీలు ఉంటోందనీ, శుక్ర, శని, ఆదివారాల్లో 36 దాకా వెళ్తుందనీ వార్తల్లో చెబుతున్నారట. నా భార్య మొదటిసారి ఈ సంగతి చెప్పినప్పుడు, "36 అంటే మనకు మార్చి నెల ఎండ, దానికి భయమెందుకు" అని అన్నాను. అలా అని ఉండవలసింది కాదు. నిన్న ఇక్కడ ఉదయం పదకొండింటికి, అంటే అక్కడ రాత్రి పదిన్నరకు, వీడియో కాల్‌లో హాలు గోడకున్న థర్మామీటరు చూపించింది. బయట 22 డిగ్రీలకు దిగినా ఇంట్లో 33 ఉంది. పాప మెడ మడతల్లో చెమటకాయలు ఎర్రగా లేచాయి. అమ్మాయి ముఖం పీక్కుపోయి ఉంది.

ఇంటి సంగతి చెబుతాను. మూడంతస్తుల చెక్క కట్టడంలో పై అంతస్తు. పడమటి వైపు హాలుకు, బాల్కనీకి మధ్య గోడంతా గాజే. సీలింగు ఫ్యాన్లు లేవు. కిటికీకి బయటకు వేలాడే ఏసీ పెట్టుకోవడానికి భవనం వారు ఒప్పుకోరు. దగ్గరి దుకాణాల్లో టేబుల్ ఫ్యాన్లు కూడా అయిపోయాయట; ఉన్నది ఒక్క ఫ్యాను. బాలింతకు, పసిబిడ్డకు చలిగాలి సోకకూడదని నా భార్య రాత్రిళ్లు కిటికీలు మూసే ఉంచుతోంది. అమ్మాయి చెవుల్లో దూది, తలకు గుడ్డ, రోజూ స్నానం తర్వాత సాంబ్రాణి, అన్నీ మన పద్ధతి ప్రకారమే చేస్తోంది.

వడగాలుల మధ్య పుట్టి పెరిగిన మనకు ఎండను ఎలా కాచుకోవాలో తెలుసు. ఆ తెలిసినదానిలో అక్కడ పనికొచ్చేది ఏమిటి, పనికిరానిది ఏమిటి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం: అరండల్‌పేట నుంచి, గుంటూరు

సోదరా, కంగారు పడకండి. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని చెప్పుకొనే ప్రాంతం మనది. 45 డిగ్రీల్లోనూ మన పెద్దలు ఫ్యాను కూడా లేకుండా పిల్లల్ని పెంచారు. పల్చటి మజ్జిగలో ఉప్పు, కాస్త అల్లం, కరివేపాకు వేసి గంటకోసారి తాగమనండి, నూలు బట్టలు కట్టుకోమనండి, పదకొండు నుంచి నాలుగు దాకా గడప దాటవద్దనండి. 36 డిగ్రీలకు ఇంతకన్నా జాగ్రత్త అక్కరలేదని నా అభిప్రాయం.

సమాధానం: విశ్రాంత ఇంజనీరు, బ్రాడీపేట, గుంటూరు

పై మిత్రులు చెప్పిన మజ్జిగ, నూలు బట్టల మాట నిజమే. కానీ 36 డిగ్రీలకు ఇంతకన్నా జాగ్రత్త అక్కరలేదన్న మాటతో నేను ఏకీభవించలేను. మన వాతావరణ శాఖ కూడా వడగాలిని ఒక్క అంకెతో తేల్చదు. మైదానాల్లో 40, తీర ప్రాంతాల్లో 37, కొండ ప్రాంతాల్లో 30 డిగ్రీలను చేరిన తరువాత, ఆ ఊరి మామూలు ఎండ కన్నా ఎంత పెరిగిందో చూస్తుంది, 4.5 డిగ్రీలు పెరిగితే వడగాలి అంటుంది, 6.4 డిగ్రీలు మించితే తీవ్రమైన వడగాలి అంటుంది. సియాటిల్‌లో జూలై నెల పగటి ఉష్ణోగ్రత మామూలుగా 26 దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ 36 అంటే పది డిగ్రీలు ఎక్కువ. మే నెలలో విజయవాడ మామూలు ఎండ 40 అనుకుంటే, దానికి పది కలిపి చూడండి, వారి ఒళ్లు ఏం పడుతోందో తెలుస్తుంది.

ఒళ్లు ఎండకు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయిన నాటి నుంచి మన శరీరం కొంచెం కొంచెంగా సర్దుకుంటూ వస్తుంది. చెమట ముందుగానే పడుతుంది, ఆ చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. నిన్నటిదాకా ఇరవై నాలుగు డిగ్రీల్లో ఉండి ఒక్కసారిగా 36లో పడ్డవారికి ఆ వెసులుబాటు ఉండదు. ఏటా ఎండలు కాసే మన రాష్ట్రంలోనే 2015 మే నెల వడగాలులకు వెయ్యి మందికి పైగా చనిపోయారన్నది మరువకూడదు.

ఇక ఇల్లు. నేను నలభై ఏళ్లు కట్టుబడి పనుల్లో గడిపాను. మా అబ్బాయి సియాటిల్ దగ్గరి టకోమాలో ఉన్నప్పుడు అలాంటి చెక్క ఇంట్లో రెండు వేసవులు ఉన్నాను కూడా. మన స్లాబు పగలంతా వేడిని తాగి రాత్రి కక్కుతుంది, అందుకే మనం డాబా మీద సున్నం పూస్తాం, సాయంత్రం నీళ్లు చల్లి పడకలు వేసుకుంటాం. వారి చెక్క గోడల లోపల మాత్రం దూది వంటి పొర దట్టించి ఉంటుంది. అది చలికాలంలో లోపలి వేడిని బయటకు పోనివ్వకుండా పెట్టినది. ఎండాకాలంలో గాజు గుండా ఒకసారి లోపలికి వచ్చిన వేడిని కూడా అది అలాగే పట్టి ఉంచుతుంది. కిటికీలు తెరవని ఆ ఇల్లు స్వెట్టరు తొడుక్కుని ఎండలో నిలబడ్డ మనిషి వంటిది. రాత్రి పదిన్నరకు బయట 22 ఉండగా లోపల 33 ఉండడానికి కారణం ఇదే.

కాబట్టి మొదటి పని గాజు మీద ఎండ పడకుండా ఆపడం. జూలైలో అక్కడ రాత్రి తొమ్మిది ప్రాంతానికి గాని పొద్దు గుంకదు. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా సూర్యుడు పడమట వాలుగా ఉండి హాలు చివరి గోడ దాకా ఎండను పంపుతాడు. లోపలి పరదా వెలుగును ఆపుతుంది గాని, వేడి అప్పటికే గాజు దాటి వచ్చేసి ఉంటుంది. బాల్కనీ పైకప్పు నుంచి తెల్ల దుప్పటిని గాజుకు బయట వైపు, జానెడు ఎడంగా వేలాడగట్టమనండి. మనవారు వరండాకు వట్టివేళ్ల తడికలు కట్టింది ఈ ఆలోచనతోనే. బాల్కనీ లేని కిటికీలకు అట్టముక్కలకు వంటింటి అల్యూమినియం కాగితం చుట్టి, మెరిసే వైపు బయటకు ఉండేలా, గాజుకు అతికించకుండా లోపల నిలబెడితే సరిపోతుంది.

రెండో పని రాత్రిని వాడుకోవడం. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మే నెలలో విజయవాడలో రాత్రి కూడా 28, 29 డిగ్రీలకు దిగడం గగనమవుతుంది, చుట్టూ ఉన్న కొండరాళ్లు సెగ చిమ్ముతూనే ఉంటాయి. మనకు రాత్రి చల్లదనం అనే ఆస్తి లేదు. వారికి ఉంది. అక్కడ వడగాలి రోజుల్లోనూ చాలా రాత్రులు తెల్లవారుజాముకు 18 దాకా దిగుతాయి. బయటి గాలి లోపలికన్నా చల్లబడిన క్షణం నుంచి ఎదురెదురు కిటికీలు రెండూ తెరిచి, ఉన్న ఒక్క ఫ్యానును ఒక కిటికీలో బయటకు ముఖం పెట్టి తిప్పమనండి. ఫ్యాను మన వైపు తిరిగి ఉండాలని అందరం అనుకుంటాం గాని, ఈ ఇంట్లో దాని పని వేడిగాలిని బయటకు తోయడం. అది అటు తోస్తుంటే రెండో కిటికీ గుండా చల్లగాలి దానంతట అదే వస్తుంది. స్నానాల గదిలో గాలి లాగే ఫ్యాను ఉంటుంది, దాన్నీ రాత్రంతా వేసి ఉంచవచ్చు. ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య బయటి వేడి లోపలి వేడితో సమానమవగానే అన్నీ మూసేయాలి. గడియారం కన్నా రెండు థర్మామీటర్లను, ఒకటి లోపల, ఒకటి బయట నీడలో పెట్టి, నమ్ముకోవడం మంచిది. అడవి మంటల పొగ అక్కడికి వచ్చే రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజుల్లో మాత్రం గాలి నాణ్యత చూసుకునే కిటికీ తెరవాలి.

తడిగుడ్డ గురించి కూడా ఒక మాట. మన దగ్గర పొడి పడమటి గాలి వీచినప్పుడు కూలరు అద్భుతంగా పనిచేస్తుంది, ఉక్కపోత రోజున ఉన్న చెమటకు తడి తోడవుతుంది. సియాటిల్‌కు ఇంత ఎండ వచ్చేది సాధారణంగా తూర్పు గాలి కాస్కేడ్ పర్వతాలు దాటి కిందికి దిగుతూ వేడెక్కి, పొడిబారి వచ్చినప్పుడే. కాబట్టి ఒంటి మీద తడిగుడ్డ అక్కడ బాగా పనిచేస్తుంది. తలుపులన్నీ మూసిన గదిలో తడి దుప్పట్లు ఆరవేస్తే మాత్రం గంటలో ఉక్క మొదలవుతుంది. మనకు సాయంత్రం బందరు వైపు నుంచి సముద్రపు గాలి తిరిగితే ప్రాణం లేచివచ్చినట్టు, వారికి పసిఫిక్ వైపు గాలి తిరిగిన రోజున ఒక్కసారిగా పది డిగ్రీలు తగ్గవచ్చు. ఇది సాధారణంగా నెలల తరబడి సాగే బాధ కాదు. ఈ కొద్ది రోజులు దాటించాలి.

సమాధానం: గవర్నర్‌పేట నుంచి ఒక అమ్మమ్మ, విజయవాడ

అన్నయ్య గారూ, 2021 జూన్‌లో నేను సియాటిల్‌కు దక్షిణాన ఉన్న పోర్ట్‌లాండ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. కోవిడ్ వల్ల తిరుగు ప్రయాణం వాయిదా పడి అక్కడే చిక్కుకుపోయాను. జూన్ 26న 42.2, 27న 44.4, 28న 46.7 డిగ్రీలు. మీ అమ్మాయి వాళ్ల సియాటిల్‌లోనూ ఆ 28వ తేదీన 42.2 వచ్చింది. కెనడాలో లిటన్ అనే ఊళ్లో మరునాడు 49.6 నమోదై, ఆ తరువాతి రోజున ఆ ఊరే చాలావరకు కాలిపోయింది.

నాకు ఎండ కొత్త కాదు కనుక మొదటి రోజు నేనే అందరికీ ధైర్యం చెప్పాను. ఆ ఇంట్లో కొబ్బరినూనె సీసా ఏడాది పొడవునా తెల్లగా గడ్డకట్టే ఉండేది. తలకు రాసుకోవాలంటే వేడినీళ్లలో పెట్టి కరిగించుకునేవాళ్లం. 28 మధ్యాహ్నం ఆ సీసాను చేతిలోకి తీసుకుంటే నూనె మంచినీళ్లలా అటూ ఇటూ కదిలింది, సీసా గోరువెచ్చగా తగిలింది. దేవుడి అరలో పెట్టిన కొవ్వొత్తులు నడుం దగ్గర వంగిపోయి ఉన్నాయి. ఇంట్లో 38 డిగ్రీలు. అప్పుడు నాకు భయం వేసింది, ఎందుకంటే ఇక్కడైతే కరెంటు పోయినా పక్కింటి వరండా ఉంటుంది, చెట్టు కింద అరుగు ఉంటుంది. అక్కడ ఆ ఇల్లు తప్ప నాకు వేరే చోటు తెలియదు.

చోటు ఉంది, అడగాలి అంతే. ఆ మూడు రోజులు ఊరివాళ్లు పెద్ద సమావేశ మందిరాన్ని రాత్రింబవళ్లు తెరిచి, చల్లటి గాలి, నీళ్లు, పడుకోవడానికి వసతి ఇచ్చారు. మా మెట్ల పక్కన ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ తలుపు రెండుసార్లు కొట్టినా తీయకపోతే అల్లుడు గట్టిగా పిలిచి లేపి, మాతో పాటు కారులో అక్కడికి తీసుకువచ్చాడు. ఆమె గౌను చెమటకు తడిసి ఆరి, మెడ చుట్టూ తెల్లటి ఉప్పు చార కట్టి ఉండడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ఆ వడగాలిలో అక్కడ చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఇలా ఏసీ లేని ఇళ్లలో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లేనని తరువాత తెలిసింది.

అందుకని మీ అల్లుడిని 211కు ఫోన్ చేసి, దగ్గరలో చల్లని చోట్లు ఎక్కడ తెరిచారో కనుక్కోమనండి. ఏసీ ఉన్న గ్రంథాలయాలు కూడా ఉంటాయి. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఎనిమిది దాకా పాపను తీసుకుని అక్కడ కూర్చున్నా ఆ రోజు గడిచిపోతుంది. ఓవెన్ అసలు వెలిగించవద్దు. వంట ఉదయం ఏడింటిలోపు అయిపోవాలి, రాత్రికి పెరుగన్నం చాలు. మీ ఆవిడగారి గురించి కూడా ఆలోచించండి. పురుటి చాకిరీలో ఆమె నీళ్లు తాగడం మరిచిపోతారు, నేను అలాగే మరిచిపోయి కళ్లు తిరిగి కూలబడ్డాను.

సమాధానం: ప్రసూతి వార్డు నర్సు, విజయవాడ

బాబాయి గారూ, ఇరవై రెండేళ్లుగా బాలింతలను, పసిబిడ్డలను చూస్తున్న అనుభవంతో రాస్తున్నాను. మీ ప్రశ్న చివరలో మామూలుగా చెప్పి వదిలేసిన సంగతే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. మూసిన కిటికీలు, చెవుల్లో దూది, తలకు గుడ్డ, సాంబ్రాణి: ఇవన్నీ పిన్నిగారు ప్రేమతో చేస్తున్నవే. మంచు కురిసే మార్గశిరంలో, తాటాకు సందుల్లోంచి ఈదురుగాలి కొట్టే ఇంట్లో ఆ పద్ధతులకు అర్థం ఉండేది. 33 డిగ్రీల గదిలో అవే పద్ధతులు తల్లీబిడ్డలకు అపాయం తెస్తాయి. కిటికీలు మూసి సాంబ్రాణి వేస్తే ఆ పొగ బిడ్డ ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. ఈ వారం అది పూర్తిగా మానేయమనండి.

పసిబిడ్డకు పెద్దవాళ్లలా చెమట పట్టి ఒళ్లు చల్లబడే శక్తి ఇంకా రాదు. తన వేడిని తల నుంచి కూడా బాగా వదులుకుంటుంది కాబట్టి ఇంట్లో టోపీ తీసేయాలి. ఒంటి చుట్టూ బిగించి చుట్టే గుడ్డ కూడా వద్దు. ఒక్క డైపరు, మరీ అయితే పల్చటి నూలు చొక్కా చాలు. చెమటకాయలకు పౌడరు అద్దకండి, తడిగుడ్డతో మెడ మడతలు తుడిచి గాలికి ఆరనివ్వండి. బయటకు తీసుకువెళ్లేటప్పుడు ఎండ పడకూడదని బిడ్డ బండి మీద దుప్పటి కప్పుతుంటారు. లోపల గాలి ఆగిపోయి పొయ్యిలా కాగుతుంది, అది చేయవద్దు. ఆగి ఉన్న కారులో ఒక్క నిమిషం కూడా వదలకూడదు.

ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు మంచినీళ్లు, గ్లూకోజు నీళ్లు ఏవీ పట్టకూడదు, తేనె అయితే ఏడాది నిండేదాకా వద్దు. ఎంత ఎండలోనైనా తల్లిపాలలో ఉన్న నీరే చాలు, కాకపోతే ఇంకా తరచుగా పట్టాలి. రోజుకు ఆరు డైపర్లయినా తడుస్తున్నాయా లేదా అన్నది లెక్క పెట్టుకోమనండి. తడి తగ్గినా, నడినెత్తిన మాడు గుంటపడినా, బిడ్డ పాలకు లేవకుండా మగతగా ఉన్నా, ఒంటి వేడి 38 డిగ్రీలు, అంటే అక్కడి థర్మామీటరులో 100.4, చూపినా అర్ధరాత్రి అయినా సరే వెంటనే వైద్యులకు ఫోన్ చేయాలి.

బిడ్డకు పాలు రావాలంటే తల్లి నీళ్లు తాగాలి. పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు లెక్కపెట్టి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కాన్పు తరువాత కొన్ని వారాల పాటు కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలుకన్నా ఎక్కువ; ఒంట్లో నీరు తగ్గితే అది ఇంకా పెరుగుతుంది. పాలిచ్చిన ప్రతిసారీ ఒక పెద్ద గ్లాసు నీళ్లో, మజ్జిగో తాగాలి. బాగా చెమట పోతే లీటరు నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలిచి, కలిపి రోజంతా కొంచెం కొంచెంగా తాగవచ్చు. రక్తపోటు ఉంటే ఉప్పు విషయం వైద్యులను అడిగి చేయండి.

చివరగా అందరికీ వర్తించే మాట: గది వేడి 35 దాటితే పొడి ఒంటి మీద ఫ్యాను గాలి ఒక్కటే చాలదు, పెద్దవాళ్లు ముఖం, చేతులు, కాళ్లు తడిపి ఆ గాలిలో కూర్చోవాలి. ఎవరైనా తికమకగా మాట్లాడినా, తూలినా, ఒళ్లు కాలిపోతూ స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ. అక్కడైతే 911, ఇక్కడైతే 108. వాహనం వచ్చేలోగా బట్టలు వదులు చేసి ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడుపుతూ విసరాలి, స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

మళ్లీ అడిగినవారు: పటమట వాసి

అమ్మా, మీరు చెప్పినదంతా నా భార్యకు చదివి వినిపించాను. నీళ్ల సంగతి వెంటనే ఒప్పుకుంది, సాంబ్రాణి మానేసింది. కిటికీ దగ్గర మాత్రం ఆగిపోయింది. "రేపు దీనికి వాతం చేస్తే జీవితాంతం నొప్పులు నన్నే అంటారు" అని కంటతడి పెట్టుకుంది. ఆమెను నొప్పించకుండా ఎలా చెప్పాలో తెలియడం లేదు.

సమాధానం: ప్రసూతి వార్డు నర్సు

బాబాయి గారూ, పిన్నిగారి భయం నాకు అర్థమవుతుంది. మా అమ్మగారు కూడా నాకు అలాగే చేశారు. గాలి బాలింత ఒంటికి నేరుగా తగలనక్కరలేదని చెప్పండి. హాలులో కిటికీలు తెరిచి, ఫ్యానును అక్కడే బయటకు తిప్పి, పడకగది తలుపు తీసి ఉంచితే చాలు, తల్లీబిడ్డల మంచం ఆ గాలి దారికి పక్కగా జరపవచ్చు. అమ్మాయి కాళ్లకు పల్చటి దుప్పటి కప్పుకుంటుంది. గంట తరువాత పాప వీపు మీద, మెడ వెనుక చెయ్యి వేసి చూడమని పిన్నిగారినే అడగండి. చెమట లేకుండా వెచ్చగా ఉంటే బిడ్డకు సరిపడినట్టే.

మళ్లీ అడిగినవారు: పటమట వాసి

ఆదివారం గడిచాక రాస్తున్నాను. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు హాలు కిటికీలు తెరిచారు. పదకొండు గంటలకు నా భార్య పాప వీపు మీద చెయ్యి వేసి చూసి, ఇంకేమీ అనకుండా తానే వెళ్లి పడకగది కిటికీ కూడా జానెడు తెరిచిందని అమ్మాయి చెప్పింది. ఆ తెల్లవారి ఇంట్లో 23 డిగ్రీలు ఉంది. బాల్కనీకి నా భార్య తెల్ల జరీ పంచెలు రెండు, నేను వస్తే కట్టుకుంటానని పెట్టెలో పెట్టినవి, వరుసగా కట్టారు. శనివారం బయట 36 ఉన్నా సాయంత్రం ఏడింటికి హాలు 29 దాటలేదు. ఆదివారం మధ్యాహ్నం నలుగురూ ఏసీ ఉన్న గ్రంథాలయంలో గడిపి వచ్చారు. డైపర్లు రోజుకు ఏడు, ఎనిమిది తడుస్తున్నాయి. చెమటకాయలు మెడ దగ్గర ఆరిపోయాయి, చంకల్లో కొన్ని మిగిలాయి.

గవర్నర్‌పేట చెల్లెమ్మ గారికి ప్రత్యేకంగా ఒక సంగతి. ఈ ఉదయం గాలి పసిఫిక్ వైపు తిరిగిందట. వంటింట్లో కొబ్బరినూనె సీసా అంచులు తెల్లబడుతున్నాయని అమ్మాయి ఫోటో పంపింది.

ఆగస్టులో మళ్లీ ఎండలు రావచ్చని అల్లుడు నేల మీద నిలబెట్టి, గొట్టాన్ని కిటికీ గుండా బయటకు పెట్టే ఏసీ కొనాలనుకుంటున్నాడు. ఇంజనీరు గారూ, ఒక గొట్టం ఉన్నది మంచిదా, రెండు గొట్టాలదా?

సమాధానం: విశ్రాంత ఇంజనీరు, బ్రాడీపేట, గుంటూరు

చాలా సంతోషం. రెండు గొట్టాలదే తీసుకోమనండి. ఒక గొట్టం ఉన్నది గదిలోని గాలినే బయటకు తోస్తుంది కనుక, ఆ మేరకు తలుపు సందుల నుంచి బయటి వేడిగాలి లోపలికి వస్తూనే ఉంటుంది. ఇల్లంతా చల్లబరచాలని చూడకుండా పడకగదిలో పెట్టి, గొట్టం వెళ్లే కిటికీ ఖాళీని అట్టతో గట్టిగా మూయాలి. భవనం వారితో ముందుగా ఒక మాట చెప్పి, జూలై దాటకముందే కొనమనండి, మళ్లీ ఎండ వచ్చిన రోజున దుకాణాల్లో దొరకదు.